చీకటి స్క్రీన్‌కి అంత మర్యాద అక్కర్లేదు

నా దగ్గరున్న గేమ్‌బాయ్ అడ్వాన్స్‌ని విప్పించి, దాంతో వచ్చిన చీకటి స్క్రీన్ తీసేసి, వెనక లైటుతో వెలిగే ఐపీఎస్ రకం కొత్త స్క్రీన్ వేయించాను. చిత్తూరులో ఉండే మా పెద్దమ్మ కొడుకు వాట్సాప్‌లో ఫొటో చూసి వెంటనే ఫోన్ చేసి క్లాసు తీసుకున్నాడు. ఆయనకి పాత వస్తువులంటే ప్రాణం. రేడియోలు, కెమెరాలు, వాచీలు అన్నీ అట్టపెట్టెలతో సహా దాచుకుంటాడు. "రాతి గడపకు టైల్స్ అతికించినట్టుండాది రా. ఒరిజినల్ ఒకసారి పోతే మళ్ళా వస్తాదా?" అన్నాడు. "పాత స్క్రీన్ పారేయలేదన్నా, కవర్లో పెట్టి దాచినా" అన్నా శాంతించలేదు. ఫోన్‌లో ఆయన నన్ను మాట్లాడనిస్తే కదా. అందుకే ఇక్కడ రాస్తున్నాను. చదువుతాడని తెలుసు.

నేను చెప్పేది ఒక్కటే. ఆ స్క్రీన్ చీకటిగా ఉండటంలో గొప్పేమీ లేదు. 2001లో బ్యాటరీ కోసం, ధర కోసం చేసుకున్న సర్దుబాటు అది. ఆ రోజులకి తెలివైన సర్దుబాటే. కారణాలు పోయాక కూడా దాన్నే పట్టుకుని, అదే ఆ మెషీన్ ఆత్మ అన్నట్టు మాట్లాడితే నేను ఒప్పుకోను. కాకపోతే, తీసేముందు అది అక్కడ ఎందుకుందో తెలుసుకుని తీయాలి. ఈ రెండో మాట దగ్గర అన్నకీ నాకూ పెద్ద తేడా లేదనుకుంటా. మొదటి మాట దగ్గరే గొడవ.

తెలియనివాళ్ళ కోసం నాలుగు ముక్కలు. గేమ్‌బాయ్ అడ్వాన్స్ అంటే నింటెండో కంపెనీ 2001 మార్చిలో జపాన్‌లో, జూన్‌లో అమెరికాలో విడుదల చేసిన చేతి వీడియో గేమ్. తెర 2.9 అంగుళాలు, అడ్డంగా 240 చుక్కలు, నిలువుగా 160. రెండు పెన్సిల్ సెల్స్ వేస్తే సుమారు 15 గంటలు నడిచేది. అమెరికాలో ధర వంద డాలర్లకు ఒక సెంటు తక్కువ. తర్వాత వచ్చిన దాని మోడళ్ళతో కలిపి ప్రపంచమంతా 8 కోట్లకు పైగా అమ్ముడయ్యాయి. మన వైపు మాత్రం అంగళ్ళలో కనబడటం అరుదు. పీలేరు, రాయచోటి నుంచి కువైట్ పోయినవాళ్ళ సూట్‌కేసుల్లో వచ్చినవే ఎక్కువ. నాది కూడా మా మేనమామ అట్లా తెచ్చిందే. నా ఈడు పిల్లలకు బాగా తెలిసింది బ్రిక్ గేమ్. గోవిందరాజస్వామి గుడి దగ్గర అంగళ్ళలోనూ, కొండ మీదా, బొమ్మలూ గాజుల మధ్య వేలాడుతుండేది. పైన '9999 ఇన్ 1' అని రాసి ఉండేది, లోపల ఆటలు మాత్రం పట్టుమని పది ఉండేవి. ఆ బ్రిక్ గేమ్ తెర గురించి మళ్ళీ చెప్తాను, పని ఉంది.

ఎండలో అడ్వాన్స్ తెర బ్రహ్మాండం. పగటిపూట మిద్దె మీదికి తీసుకెళ్తే రంగులు కాగితం మీద అచ్చేసినట్టు స్పష్టంగా కనిపించేవి. అదే ఎండలో ఈ రోజుల్లోని చాలా ఫోన్లు వెలవెలబోతాయి. ఈ సంగతి అన్న కంటే ముందు నేనే ఒప్పుకుంటా. కానీ తిరుపతిలో ఏప్రిల్, మే నెలల్లో పట్టపగలు మిద్దె మీద ఎంతసేపు కూర్చోగలం? స్క్రీన్ బాగానే ఉంటుంది, మనిషే మాడిపోతాడు. నీడకొస్తే తెర చీకటి. ఇంట్లో ట్యూబ్‌లైట్ కింద కూర్చుని, వెలుతురు తెర మీద పడేలా చేతులు వంచి, అదే వెలుతురు తిరిగి కళ్ళలో కొట్టకుండా ఇంకాస్త వంచి, మన తల నీడ అడ్డం రాకుండా మెడ పక్కకు తిప్పి ఆడాలి. రాత్రి కరెంటు పోతే ఆట బందు. తిరుమల ఘాట్ రోడ్డు బస్సులో అయితే ప్రతి మలుపుకీ వెలుతురు ఒక పక్క నుంచి ఇంకో పక్కకు మారి బొమ్మ మాయమయ్యేది. కడుపులో తిప్పడం దానికి అదనం.

ఎందుకంత చీకటి? ఆ తెరకు సొంత వెలుగు లేదు. గదిలోని వెలుతురే ముందు నుంచి లోపలికి పోయి, వెనకున్న మెరుపు పొరకు తగిలి, తిరిగి మన కంటికి చేరాలి. దారిలో పోలరైజర్ అనే పొర దగ్గరే సగానికి పైగా పోతుంది. ఆ తర్వాత రంగుల ఫిల్టర్. ప్రతి చుక్కలో ఎరుపు, ఆకుపచ్చ, నీలం అని మూడు గదులుంటాయి. ఎర్ర గదిలోకి తెల్లటి వెలుతురు పోతే, ఎరుపు తప్ప మిగతాదంతా అక్కడే మింగేస్తుంది. అంటే మిగిలినదాంట్లో ఇంచుమించు మూడింట రెండు వంతులు గోవిందా. ఆ తక్కింది మళ్ళీ అదే దారిలో వెనక్కి రావాలి, వచ్చేటప్పుడు ఇంకాస్త పోగొట్టుకుంటుంది. ఇప్పుడు బ్రిక్ గేమ్ సంగతి. దాని తెరకూ సొంత వెలుగు లేదు. అయినా ఏ మూల కూర్చున్నా కనబడేది. ఎందుకంటే దాంట్లో రంగుల ఫిల్టర్ లేదు. అడ్డంగా పది, నిలువుగా ఇరవై గళ్ళు, గడి నల్లబడితే ఉన్నట్టు, లేకుంటే లేనట్టు, అంతే. రంగులు కావాలన్నప్పుడే చీకటి మొదలైంది.

మరి వెనక ఒక లైటు పెట్టొచ్చు కదా అంటారు. పెట్టినవాళ్ళున్నారు, దెబ్బతిన్నారు. 1989లో వచ్చిన మొదటి గేమ్‌బాయ్ తెరలో రంగులే లేవు. పచ్చటి తెర మీద నాలుగు ఛాయలు, 160 బై 144 చుక్కలు. అదే ఏడాది అటారీ లింక్స్, 1990లో సెగా గేమ్ గేర్ రంగుల తెరలతో, వెనక లైట్లతో బజారులోకి దిగాయి. పక్కపక్కన పెట్టి చూస్తే గేమ్‌బాయ్ పేదగా కనిపిస్తుంది. కానీ గేమ్ గేర్ లోపలున్న లైటు చిన్న ఫ్లోరసెంట్ ట్యూబు, మన ఇంటి ట్యూబ్‌లైట్ జాతిదే. అది వెలగాలంటే సెల్స్ ఇచ్చే కొద్దిపాటి వోల్టేజీని ఎన్నో రెట్లు పెంచాలి. ఫలితం, ఆరు పెన్సిల్ సెల్స్ మూడు నుంచి ఐదు గంటల్లో ఖాళీ. గేమ్‌బాయ్‌కి నాలుగు సెల్స్ చాలు, అవీ దానికి మూడు రెట్లు వచ్చేవి. పిల్లల చేతి ఖర్చుతో సెల్స్ కొనుక్కునే వస్తువుకి ఏది ముఖ్యమో చెప్పక్కర్లేదు. గేమ్‌బాయ్, దాని రంగుల మోడల్ కలిపి 11 కోట్ల 80 లక్షలకు పైగా అమ్ముడుపోయాయి.

మొదటి గేమ్‌బాయ్ వెనకున్న గున్‌పే యోకోయి పద్ధతే అది. సరికొత్త టెక్నాలజీ వెంట పరుగెత్తకుండా, అప్పటికే బాగా అలవాటై చవకైపోయినదాన్ని తీసుకుని కొత్త పనికి వాడటం. ఆయన 1997లో చనిపోయాడు. అడ్వాన్స్ ఆయన చేతి మీదుగా రాలేదు గానీ ఆ అలవాటు కంపెనీలో ఉండిపోయింది. అన్న ఈ కథ నాకే తిప్పి చెప్పాడు. "చూసినావా, పెద్దాయన ఊరికే పెట్టలా, ఆలోచించే పెట్టినాడు" అని. అవునన్నా, ఆలోచించే పెట్టాడు. ఏం ఆలోచించాడు? సెల్స్ ఎంతసేపు వస్తాయి, కొనేవాడికి ఎంత పడుతుంది అని. చీకట్లో ఆడితే మజా వస్తుందని కాదు కదా.

ఆ లెక్క మారడానికి కారణం తెల్లటి ఎల్ఈడీ. ఎర్ర ఎల్ఈడీ, పచ్చ ఎల్ఈడీ ఎప్పటి నుంచో ఉన్నాయి. బాగా వెలిగే నీలం ఎల్ఈడీ 1990లలో గానీ కుదరలేదు. నీలం వెలుగు ముందు పసుపు పచ్చగా వెలిగే ఫాస్ఫర్ పూత పెడితే రెండూ కలిసి తెల్లగా కనిపిస్తాయి. ఆ నీలం ఎల్ఈడీకే అకసాకి, అమానో, నకమురా అనే ముగ్గురికి 2014లో భౌతిక శాస్త్రంలో నోబెల్ వచ్చింది. ఎక్కువ వోల్టేజీ అక్కర్లేదు, ట్యూబు పగిలిపోతుందన్న భయం లేదు, గోరంత చోటు చాలు. కానీ కనిపెట్టడం వేరు, వంద డాలర్ల ఆటవస్తువులో పెట్టగలిగేంత చవకవడం వేరు. ఆ రెండో పని సెల్‌ఫోన్లు చేశాయి. రంగుల తెర ఫోన్లు కోట్లలో తయారవడం మొదలయ్యాక ఒక్కో తెర వెనక నాలుగు తెల్ల ఎల్ఈడీలు మామూలైపోయాయి. నా అడ్వాన్స్‌లో ఇప్పుడున్న తెర ఆ ఫోన్ల పుణ్యమే.

తయారుచేసిన కంపెనీ కూడా చీకటిని అంత పవిత్రంగా చూడలేదు. 1998లోనే గేమ్‌బాయ్ లైట్ అని వెనక నుంచి వెలిగే మోడల్ ఒకటి చేసి జపాన్‌లో మాత్రం అమ్మింది. అడ్వాన్స్ వచ్చిన మరుసటి ఏడు, 2002లో, ఆఫ్టర్‌బర్నర్ అనే కిట్ ఒకటి బయటివాళ్ళు తెచ్చారు. తెర మీద ముందు నుంచి వెలుగు పరిచే పల్చటి పొర. జనం సోల్డరింగ్ నేర్చుకుని మరీ దాన్ని బిగించుకున్నారు. 2003లో కంపెనీయే దారికొచ్చి ఎస్పీ అనే మడత మోడల్ తెచ్చింది. ముందు లైటు, ఛార్జింగ్ బ్యాటరీ. లైటు వేస్తే 10 గంటలు, ఆర్పేస్తే 18. ఆ తర్వాత 2005లో అదే ఎస్పీని వెనక లైటుతో ఇంకోసారి మార్చింది. నాలుగేళ్ళలో రెండుసార్లు. అన్న చెప్పే ఒరిజినల్ ఇందులో ఏది?

ఇక్కడ కాస్త పక్కదారి పట్టాలి. తెర అంటే ఎక్కడో సముద్రాల అవతల పుట్టే వస్తువు అనుకునే రోజులు మన జిల్లాలో పోయాయి. శ్రీసిటీలో ఫాక్స్‌కాన్ ప్లాంటులో 2015లోనే ఫోన్లు బిగించడం మొదలైంది. రేణిగుంట ఎయిర్‌పోర్టు చుట్టుపక్కల ఎలక్ట్రానిక్స్ ఫ్యాక్టరీలు వచ్చాయి. ఏర్పేడు మండలం వికృతమాల దగ్గర టీసీఎల్ వాళ్ళ డిస్‌ప్లే ఫ్యాక్టరీ ఉంది, టీవీలకూ ఫోన్లకూ తెరలు సిద్ధం చేసేందుకు పెట్టింది. 2018 డిసెంబరులో దానికి శంకుస్థాపన జరిగింది. డిగ్రీ, డిప్లొమా చదివిన మనవాళ్ళ పిల్లలు షిఫ్టు బస్సులెక్కి ఆ వైపు పనికి పోతున్నారు. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడిపోయినప్పుడు ఇవన్నీ తిరుపతి జిల్లా కిందికి వచ్చేశాయి. చిత్తూరు అన్నకి ఆ కోపం వేరే ఉంది. చెప్పొచ్చేదేంటంటే, తెర ఇప్పుడు లారీల్లో పోయే సరుకు. పోతే మార్చుకునే పార్టు. దాన్ని విగ్రహంలా చూడటం నాకు చేతకాదు.

ఇక బిగించిన కథ. కిట్ బయటి దేశం నుంచి తెప్పించాను, కస్టమ్స్‌తో కలిపి ఐదు వేలు దాటింది. లోపల ఒక ప్యానెల్, చిన్న బోర్డు, రెండు రకాల రిబ్బన్లు. రెండు ఎందుకంటే అడ్వాన్స్ మదర్‌బోర్డులు రెండు రకాలు, ఒకదాంట్లో తెర కనెక్టర్‌కి 40 పిన్నులు, ఇంకోదాంట్లో 32. విప్పితే గానీ మనదేదో తెలియదు. నాకు సోల్డరింగ్ వచ్చు గానీ అంత సన్నగా చేతకాదు. అందుకని లీలామహల్ సర్కిల్ వైపు ఒక మొబైల్ రిపేర్ అంగడికి తీసుకెళ్ళాను. ఆ తమ్ముడు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "ఏందన్నా ఇది, ఏసీ రిమోటా?" అన్నాడు. చెప్పాను. "కాంబోనా?" అన్నాడు. ఫోన్ రిపేర్లో కాంబో అంటే డిస్‌ప్లే, టచ్ కలిపి వచ్చేది. "టచ్ లేదు, ఉత్త డిస్‌ప్లే" అన్నాను. "అయితే సగం టెన్షన్ తగ్గినట్టే."

తగ్గలేదు. వెనక మూత స్క్రూలకు మూడు కొమ్మల తల ఉంటుంది. ఫోన్ల స్క్రూడ్రైవర్ సెట్లో అది దొరికేదాకా డబ్బాలన్నీ వెతికాడు. పాత ప్యానెల్ బయటికొచ్చాక కొత్తది ఆ గుంటలో కూర్చోదు. కొత్త ప్యానెల్ మందం వేరు, అందుకని డబ్బా లోపలి ప్లాస్టిక్ గట్లు కొన్ని కటింగ్ ప్లేయర్‌తో కొరికి, బ్లేడుతో గీకాలి. అన్నకి నిజంగా బాధ కలిగించింది ఈ ఘట్టమే. రిబ్బన్ మారిస్తే మళ్ళీ మార్చుకోవచ్చు, కొరికిన ప్లాస్టిక్ తిరిగి రాదు. ముందే గట్లు తీసి పోసిన కొత్త డబ్బాలు అమ్ముతారు, పాత డబ్బాని ముట్టుకోకుండా దాచుకోవచ్చు. నేను కొనలేదు. పాత ఊదారంగు డబ్బా మీద నా చిన్నప్పటి గీతలున్నాయి, అవి నాకు కావాలి. లోపలి గట్లు ఎవరికి కనిపిస్తాయి?

బ్రైట్‌నెస్ మార్చుకోవడానికి మూడు సన్న జంపర్లు వేయాలి, ఎడమ బటన్, కుడి బటన్, సెలెక్ట్ బటన్ల చుక్కల దగ్గరికి. మైక్రోస్కోప్ కింద పెట్టి, పేస్ట్ పూసి, క్షణంలో వేసేశాడు. ఫోన్ బోర్డుల మీద వెంట్రుకంత జంపర్లు వేసే చేయి అది, దీన్ని చూసి "ఇది చానా పెద్దగుండాది" అన్నాడు. సెల్స్ వేసి స్విచ్ నొక్కితే అంగడిలో ఉన్న నలుగురూ తలలు వంచి చూశారు.

ఆ వెలుగు గురించి కవిత్వం రాయను. పనితీరు మాత్రం చెప్తాను. నా కిట్ ప్యానెల్‌లో అడ్డంగా 720, నిలువుగా 480 చుక్కలు. పాత 240, 160కి సరిగ్గా మూడింతలు. అందువల్ల ఆటలోని ఒక్కో చుక్క కొత్త తెర మీద మూడు బై మూడు గడి అవుతుంది, ఎక్కడా సగం చుక్కలు ఉండవు, అంచులు మసకబారవు. సరిగ్గా భాగించబడని ప్యానెల్ తెచ్చి పెడితే అక్షరాలు ఒకటి లావుగా, ఒకటి సన్నగా వస్తాయి. తెర ఎంత కొత్తది అని కాకుండా ఈ భాగహారం సరిపోతుందా అని ముందు చూసుకోవాలి. మధ్యలో ఉన్న చిన్న బోర్డు పని ఇదే. మెషీన్ తన పాత తెరకి పంపుతున్నాననుకుని పంపే సిగ్నల్‌ని చదివి, పెంచి, కొత్త తెరకి అందిస్తుంది. మెషీన్‌కి తెర మారిన సంగతే తెలియదు. ఐపీఎస్ వల్ల ఇంకో లాభం, ఏ పక్క నుంచి చూసినా రంగు మారదు. లోపలి ద్రవ స్ఫటికాలు లేచి నిలబడకుండా గాజు పలకకు సమాంతరంగానే తిరుగుతాయి కాబట్టి. ఘాట్ రోడ్డు మలుపులు ఇక దాన్నేం చేయలేవు. నా కడుపు సంగతి నేను హామీ ఇవ్వను.

పోయినవి కూడా చెప్పాలి, లేకుంటే అన్న ఊరుకోడు. సెల్స్ త్వరగా అయిపోతాయి. 15 గంటల మాట మరిచిపోవాలి. ఛార్జింగ్ సెల్స్ అయితే ఒక్కోటీ 1.2 వోల్టులే కాబట్టి, బ్రైట్‌నెస్ పూర్తిగా పెడితే సెల్లో ఇంకా ఛార్జ్ ఉండగానే పచ్చ లైటు ఎర్రబడుతుంది. కొన్ని కిట్లతో స్పీకర్లో సన్నగా 'కీ'మనే చప్పుడు వస్తుంది. నాదాంట్లో తెల్లటి బొమ్మ వచ్చినప్పుడు వినిపిస్తుంది. ఎండలో పాత తెర ముందు ఇది తేలిపోతుంది. ఇవన్నీ ఊహించినవే.

అసలు విషయం వేరే ఉంది. అన్న దాన్ని పట్టుకోలేదు గానీ, పట్టుకుని ఉంటే నాకు జవాబు చెప్పడం కష్టమయ్యేది. ఆటలు తయారుచేసినవాళ్ళు ఆ చీకటి తెరను చూసుకుంటూ రంగులు వేశారు. అడ్వాన్స్‌తో పాటే 2001లో వచ్చిన కాసిల్‌వేనియా: సర్కిల్ ఆఫ్ ద మూన్ అనే ఆట ఆ తెర మీద ఏమీ కనబడనంత చీకటి అని అందరూ తిట్టారు. మరుసటి ఏడు వచ్చిన హార్మనీ ఆఫ్ డిసొనెన్స్‌లో రంగులు కొట్టొచ్చినట్టు వేశారు. నా కొత్త తెర మీద మొదటిది హాయిగా, ఎలా ఉండాలో అలా ఉంది. రెండోది జాతర సెట్టింగులా కళ్ళలో పొడుస్తుంది. అంటే రెండో ఆట ఆ చీకటి తెరకే కుట్టిన చొక్కా. మంచి కిట్లలో దీనికి రంగుల సవరణ అని ఒక ఆప్షన్ ఉంటుంది, రంగుల్ని కావాలనే కాస్త చప్పబరుస్తుంది. కొత్త తెర కొనుక్కుని దాన్ని పాతదిలా చేసుకోవడం ఏమిటని నవ్వొచ్చు. కానీ వెలుతురు మాత్రం మన చేతిలో ఉంటుంది కదా.

ఇంకోటి దీనికంటే తమాషా. అడ్వాన్స్‌లో పాత గేమ్‌బాయ్ క్యాసెట్లు కూడా ఆడతాయి. సెకనుకి దాదాపు అరవై ఫ్రేములు. కొన్ని ఆటల్లో నీడను, పొగను ఒక ఫ్రేములో గీసి, తర్వాతి ఫ్రేములో మానేసి, మళ్ళీ గీస్తారు. పాత తెర నెమ్మదిగా మారేది, ఒక బొమ్మ చెరిగేలోగా ఇంకోటి వచ్చేది. అందుకని కంటికి సగం పారదర్శకంగా, నిజమైన నీడలాగా కనిపించేది. తెర లోపాన్నే రంగుగా వాడుకున్నారు, మహానుభావులు. కొత్త తెర చురుకైనది, ఉన్నది ఉన్నట్టు చూపిస్తుంది. నీడ టపటపా కొట్టుకుంటుంది. దీనికి కూడా పక్క ఫ్రేముల్ని కలిపి చూపే సెట్టింగ్ కొన్ని కిట్లలో ఉంది. అది లేని కిట్ కొనొద్దని మాత్రం గట్టిగా చెప్తాను, వంద బ్రైట్‌నెస్ లెవెల్స్ ఇస్తామన్నా సరే.

ఇవన్నీ ఒప్పుకున్నాక కూడా ఒరిజినల్ అనే మాటకి అన్న ఇచ్చే విలువ నాకు ఎక్కువనిపిస్తుంది. ఒరిజినల్ అలాగే ఉండిపోదు. ఎండకూ వేడికీ పోలరైజర్ మీద మచ్చలు పడతాయి, రిబ్బన్ అతుకులు వదులుతాయి. మన ఊరి వేసవిలో అట్టపెట్టెలో పెట్టినా అంతే. పైగా ఆ మాటని ఇప్పుడు ఎవరైనా ఎలాగైనా వాడేస్తున్నారు. ఏ మొబైల్ అంగడికైనా వెళ్ళి పగిలిన ఓఎల్ఈడీ ఫోన్, అంటే వెనక లైటు లేకుండా చుక్క చుక్కా తనే వెలిగే తెరున్న ఫోన్ చూపించండి. 'ఒరిజినల్' అని ఒక ధర, 'ఓఎల్ఈడీ' అని ఒక ధర, 'ఇన్‌సెల్' అని సగం ధర చెప్తారు. ఇన్‌సెల్ అంటే ఎల్సీడీ. తెర వెనక లైటు కావాలి, అందుకని మందం పెరుగుతుంది, నలుపు బూడిదరంగవుతుంది. తెర కింద వేలిముద్ర చూసే ఫోనైతే అది పనిచేయడం మానేస్తుంది, ఆ సెన్సర్ తెర గుండానే చూడాలి కాబట్టి. డబ్బు తక్కువని తెలిసి వేయించుకుంటే తప్పు లేదు. చెప్పకుండా వేస్తేనే తప్పు. కోట్ల మంది ఫోన్లలో కొత్త టెక్నాలజీ తీసి పాత టెక్నాలజీ పెడుతుంటే ఎవరూ అయ్యో అనరు. నేను పాతది తీసి కొత్తది పెడితే గడప, టైల్స్ అంటారు.

కొత్తది ఎప్పుడూ మంచిదే అని కూడా నేను అనడం లేదు. పెద్ద కంపెనీలే ఆ నిచ్చెన ఎక్కి దిగుతున్నాయి. నింటెండో స్విచ్ అనే గేమ్ మెషీన్‌కి 2021లో 6.2 అంగుళాల ఎల్సీడీ బదులు 7 అంగుళాల ఓఎల్ఈడీ వేసి అమ్మారు. 2025 జూన్‌లో స్విచ్ 2 వచ్చేసరికి తెర పెద్దదైంది, సెకనుకి చూపగల ఫ్రేములు పెరిగాయి, మళ్ళీ ఎల్సీడీయే. 2023 నవంబరులో స్టీమ్ డెక్ అనే ఇంకో చేతి గేమ్ మెషీన్‌కి ఓఎల్ఈడీ వేసినప్పుడు బ్యాటరీని కూడా 40 నుంచి 50 వాట్ అవర్లకి పెంచారు. అది నాకు నచ్చిన పద్ధతి. తెర మారిస్తే దాని వెనకున్నవీ కదులుతాయని తెలిసి చేసిన పని. మరోవైపు 2022లో వచ్చిన ప్లేడేట్ అనే చిన్న ఆటవస్తువులో రంగుల్లేవు, లైటు లేదు. 400 బై 240 చుక్కలు, నలుపూ తెలుపూ. లైటు చవకైన రోజుల్లో కూడా కావాలనే మానేశారు. రంగుల ఫిల్టర్ లేదు కాబట్టి గదిలో వెలుతురే దానికి చాలు. ఇది బ్రిక్ గేమ్ లెక్కే.

అందుకే అన్న దగ్గరున్న 1989 నాటి బూడిదరంగు గేమ్‌బాయ్ విషయంలో నా తీర్పు వేరు. దానికీ ఐపీఎస్ కిట్లున్నాయి, చాలామంది వేయిస్తున్నారు. నేనైతే వేయించను. దాని నాలుగు పచ్చ ఛాయలకి పగటి వెలుతురు సరిపోతుంది, కిటికీ పక్కన కూర్చుంటే ఇబ్బంది లేదు. ఆటల్లోని నీడలన్నీ ఆ నెమ్మది తెర కోసం గీసినవే. అక్కడ సర్దుబాటుకి కారణం ఇంకా మిగిలే ఉంది, నా అడ్వాన్స్‌లో లేదు. అన్నదాంట్లో ఇప్పుడు తెర మీద రెండు నిలువు గీతలు చచ్చిపోయాయి. అది చాలావాటికి వచ్చే జబ్బే. తెర కింది అంచున ఉన్న రిబ్బన్ అతుకు మీద సోల్డరింగ్ ఐరన్ వేడి తగిలీ తగలనట్టు మెల్లగా జరిపితే గీతలు చాలాసార్లు తిరిగొస్తాయి. దసరాకి చిత్తూరు వచ్చినప్పుడు ఐరన్ తెస్తాను, అన్నా. ముందు మూత విప్పడానికి నువ్వు ఒప్పుకోవాలి.